సన్‌డ్యూ కుండీకి ఏ మట్టి? మిశ్రమాన్ని తేల్చేవి నీరు, వేసవి

ఆకుల నిండా జిగురు బొట్లతో మెరుస్తూ పురుగులను పట్టి తినే సన్‌డ్యూ (డ్రోసెరా) మొక్క చాలా ఏళ్లు జీవశాస్త్రం పాఠంలో బొమ్మగానే తెలుసు. ఇప్పుడు ఆన్‌లైన్ నర్సరీలు దాన్ని చిన్న కుండీల్లో, విత్తనాల పొట్లాల్లో ఇంటికే పంపుతున్నాయి. తెచ్చుకున్నవారి అనుభవం మాత్రం తరచూ ఒకేలా ఉంటోంది. మొక్క వచ్చిన కొత్తలో కళకళలాడుతుంది. కుండీ మార్చిన కొన్ని వారాలకే జిగురు ఆరిపోతుంది, ఆకులు నల్లబడతాయి. సలహా వెతికితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. పీట్ (సగం కుళ్లిన నాచు మట్టి) తప్పనిసరి అని ఒకరు, కోకోపీట్ (కొబ్బరి డొక్కల పొట్టు) చాలని మరొకరు, ఇసుక ఎక్కువ వేయమని ఇంకొకరు చెబుతారు. వీటిలో పూర్తిగా తప్పు అనదగింది తక్కువే. ఒక్కో సలహా ఒక్కో నీటికి, ఒక్కో వాతావరణానికి, ఒక్కో జాతికి సరిపోతుంది. ఆ షరతులు చెప్పకుండా నిష్పత్తులు మాత్రమే చేతులు మారడంతో చిక్కు వస్తోంది.

సంక్షిప్తంగా

సన్‌డ్యూకు మట్టి ఆహారం కాదు. తడిని పట్టి ఉంచి, లవణాలు చేర్చకుండా, వేళ్లకు కాస్త గాలి అందించే ఆధారం మాత్రమే. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, సాధారణ పాటింగ్ మిక్స్ పనికిరావు. పీట్ లేదా స్ఫాగ్నమ్ నాచుతో సిలికా ఇసుక గానీ పెర్లైట్ (వేడితో ఉబ్బించిన తేలికైన రాయి) గానీ కలపడం ఎక్కువ జాతులకు సురక్షితం. కోకోపీట్ వాడవచ్చు, కానీ లవణాలు పూర్తిగా పోయేదాకా కడగాలి. బోరు నీళ్లు పోస్తే ఎంత మంచి మిశ్రమమైనా నిలబడదు.

వేళ్లు చేయని పని

డ్రోసెరా ప్రజాతిలో 250 వరకు జాతులున్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఇవి పెరుగుతాయి. ప్రాంతాలు ఎంత వేరైనా వీటి నేలల్లో ఒక పోలిక ఉంది. అవి సారం లేని నేలలు. ఐరోపా, ఉత్తర అమెరికా బురద నేలల్లో నాచు దిబ్బలు, ఆస్ట్రేలియాలో తెల్లని ఇసుక, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో వాగుల పక్కన ఇసుక కలిసిన పీట్, ద్వీపకల్ప భారతంలో వానాకాలం నీరు ఊరే లాటరైట్ (ఇనుము ఎక్కువగా ఉండే ఎర్ర నేల), ఇసుక నేలలు. నత్రజని, భాస్వరం బాగా తక్కువగా ఉండే ఇలాంటి చోట మామూలు మొక్కలు ఎదగలేవు. సన్‌డ్యూ ఆ లోటును పురుగులతో పూడ్చుకుంటుంది.

ఛార్లెస్ డార్విన్ 1875 నాటికే ఈ ఆకులు మాంసకృత్తులను జీర్ణం చేసుకుంటాయని ప్రయోగాలతో చూపించాడు. పురుగు నిజంగా మొక్కకు లాభమా అన్న సందేహాన్ని ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ 1878లో తీర్చాడు. ఆహారం అందించిన మొక్కలు అందించని వాటికంటే ఎక్కువ విత్తనాలు ఇచ్చాయి. వేళ్ల విషయంలో తర్వాతి పరిశోధనలు మరో ఆసక్తికరమైన సంగతి చెప్పాయి. ఆకుల ద్వారా పోషకాలు అందినప్పుడు వేళ్లు కూడా నేల నుంచి ఖనిజాలను మరింత చురుగ్గా తీసుకుంటాయి. అంటే వేళ్లకు ఆ పని అసలు చేతకాదని కాదు. మొక్క వాటిని చిన్నవిగా ఉంచి, తన శక్తిలో పెద్ద భాగాన్ని జిగురు, ఎంజైములు, స్పర్శకాల (ఆకుల మీది జిగురు కేశాల) మీద ఖర్చు పెడుతుంది.

ఈ ఖర్చు ఎక్కడ గిట్టుబాటవుతుందో 1984లో వృక్షశాస్త్రవేత్త థామస్ గివ్నిష్, ఆయన సహచరులు ఒక నమూనాతో వివరించారు. ఎండ పుష్కలంగా ఉండి, నీటికి కొరత లేక, పోషకాలు మాత్రమే తక్కువైన చోట కీటకాహారం లాభసాటి. ఈ మూడు షరతుల్లో ఏది తప్పినా ఆ ఏర్పాటు మొక్కకు భారమే. కుండీ మిశ్రమం ఎంపిక అంటే ఈ మూడింటిలో రెండింటిని, అంటే తడిని, పేదరికాన్ని, కృత్రిమంగా సృష్టించడం. మూడోదైన ఎండను ఏ మిశ్రమమూ ఇవ్వలేదు. జిగురు తగ్గిన ప్రతిసారీ మట్టిని అనుమానించేవారు ముందు మొక్కకు ఎన్ని గంటల ఎండ తగులుతోందో చూసుకోవాలి.

సారం ఎలా హాని చేస్తుంది

మన నర్సరీల్లో సర్వసాధారణమైన మిశ్రమం ఎర్రమట్టి, పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కొంత కోకోపీట్, గుప్పెడు వేపపిండి. గులాబీకి, మందారానికి ఇది చక్కని భోజనం. సన్‌డ్యూకు ఇందులోని దాదాపు ప్రతి పదార్థమూ ఇబ్బందే, కారణాలు మాత్రం వేరు.

వర్మీకంపోస్ట్‌లో కరిగే లవణాలు ఎక్కువ. వేరు చుట్టూ ఉన్న నీటిలో లవణాల గాఢత పెరిగితే వేరు నీటిని లోపలికి లాగడం కష్టమవుతుంది. సన్‌డ్యూ జిగురు బొట్టులో అత్యధిక భాగం నీరే కాబట్టి, ఆ ఒత్తిడి మొదట బయటపడేది బొట్ల దగ్గరే. తడి మట్టిలో నిలబడి ఉన్న మొక్క ఎండిపోయినట్టు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. వేపపిండి, పశువుల ఎరువు నీరు నిలిచే కుండీలో గాలి లేకుండా కుళ్లి అమ్మోనియా వదులుతాయి. ఎర్రమట్టిలోని బంకమన్ను రేణువులు తడిలో గట్టిగా అతుక్కుని వేళ్లకు గాలి అందనివ్వవు.

సున్నం సంగతి వేరు. సన్‌డ్యూల్లో ఎక్కువ జాతులు ఆమ్ల నేలలకు అలవాటుపడ్డవి. కాల్షియం కార్బొనేట్ మిశ్రమంలో చేరితే ఆమ్లత్వం తగ్గిపోతుంది, దాంతో ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు అందకుండా పోతాయి. పైగా నాచు, ఆల్గే (పాచి) కుండీ పైపొరను కమ్మేస్తాయి. అంగుళం ఎత్తు కూడా లేని మొలకలకు ఆల్గే పొరే చావుదెబ్బ.

లాటరైట్ నేలల్లో పెరిగే మొక్క ఎర్రమట్టిలో ఎందుకు బతకదన్న ప్రశ్న సహజం. అడవిలో ఆ నేలను ఏడాదికి కొన్ని నెలలపాటు వాన నీరు నిరంతరం కడుగుతూనే ఉంటుంది. కరిగే లవణం ఏదైనా పల్లానికి పోతుంది. కుండీలో ఆ ప్రవాహం లేదు. పళ్లెంలో పోసిన నీరు పైకెక్కి, ఆవిరై, తెచ్చినదంతా అక్కడే వదిలి వెళుతుంది. అడవి నుంచి మట్టిగడ్డతో సహా పెకలించి తెచ్చిన మొక్కలు నిలవకపోవడానికీ ఇదే కారణం. అలా తేవడం వల్ల అసలే చిన్నవైన సహజ గుంపులకు జరిగే నష్టం కుండీలో మొక్క చనిపోవడం కన్నా చాలా పెద్దది.

పళ్లెంలో నీటి లెక్క

సన్‌డ్యూ పెంపకంలో ఎక్కువమంది అనుసరించేది పళ్లెం పద్ధతి. కుండీని ఒకటి రెండు సెంటీమీటర్ల నీటిలో నిలబెడతారు. దీపం ఒత్తి నూనెను పీల్చినట్టు మిశ్రమం కింది నుంచి నీటిని పైకి లాగుతుంది. పద్ధతి సులువైనదే గానీ, నీటి నాణ్యతను దాచనివ్వదు.

లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని తీసుకుందాం. టీడీఎస్ మీటరు 500 చూపించే నీరు ఇది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన పరిమితి కూడా అదే. ప్రత్యామ్నాయం లేనప్పుడు 2,000 వరకు అనుమతి ఉంది. వేసవిలో కుండీ నుంచి రోజుకు 100 మిల్లీలీటర్లు ఆవిరైతే 50 మిల్లీగ్రాముల లవణాలు లోపలే మిగులుతాయి. అదే తీరు ఏడాది సాగితే అది 18 గ్రాములు దాటుతుంది. గుప్పెడు మిశ్రమంలో అంత ఉప్పు పేరుకుంటే ఏ డ్రోసెరా బతకదు. అదే కుండీకి 20 టీడీఎస్ ఉన్న వాన నీరు పోస్తే ఏడాదికి చేరేది ముప్పావు గ్రాము.

అందుకే సాగుదారులు 50 లోపు టీడీఎస్‌ను మంచి హద్దుగా, 100ను భరించగల చివరి హద్దుగా పాటిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీటి టీడీఎస్ వందల్లో ఉంటుంది, రాయలసీమలో, నల్గొండ వైపు ఇంకా ఎక్కువగా ఉండే ప్రాంతాలున్నాయి. ఇళ్లలో ఆర్వో యంత్రం ఉన్నంత మాత్రాన భరోసా లేదు. రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ద్వారా కొంత శుద్ధి కాని నీటిని కలిపే యంత్రాలు, కాల్షియం, మెగ్నీషియం చేర్చే మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి. ఆర్వో నుంచి పక్క గొట్టంలో బయటికి పోయే నీరైతే అసలు వాడకూడదు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ చిక్కబడి ఉండేది ఆ నీటిలోనే. వానాకాలంలో డాబా మీద పట్టుకున్న వాన నీరు, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ నిశ్చింతగా వాడుకోవచ్చు. మొదటి వాన దుమ్ము కడిగేశాక పట్టిన నీరైతే మరీ మంచిది.

నీటి సంగతి తేలకుండా మిశ్రమం నిష్పత్తుల మీద చర్చించడం వల్ల ప్రయోజనం తక్కువ.

పీట్, స్ఫాగ్నమ్: ఎందుకు పనిచేస్తాయి

స్ఫాగ్నమ్ ఒక నాచు. దాని ఆకుల్లో జీవం లేని పెద్ద ఖాళీ కణాలుంటాయి. అవి నీటితో నిండినప్పుడు నాచు తన పొడి బరువుకు పదిహేను, ఇరవై రెట్ల నీటిని మోయగలదు. కణగోడలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. పరిసరాలు ఆమ్లంగా మారేది ఇలాగే. ఆ నాచు వందల నుంచి వేల ఏళ్లపాటు నీటి అడుగున సగం కుళ్లి పేరుకుంటే పీట్ అవుతుంది. శుద్ధమైన స్ఫాగ్నమ్ పీట్ పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. సారం దాదాపు లేదు, నీటిని పట్టి ఉంచుతుంది, కొద్దిపాటి కాల్షియం వచ్చినా సర్దుకుంటుంది. సన్‌డ్యూ సాగులో పీట్ ప్రమాణంగా నిలిచింది ఈ గుణాల వల్లే.

భారత మార్కెట్లో పీట్ కొనేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కూరగాయల నారు ట్రేల కోసం వచ్చే దిగుమతి పీట్‌లో చాలావరకు సున్నం కలిపి పీహెచ్‌ను 5.5 నుంచి 6 వరకు పెంచి, మొదటి విడత ఎరువు కూడా చేర్చి ఉంటుంది. సంచి మీద పీట్ అని రాసి ఉన్నా, సన్‌డ్యూకు అది నారు మట్టితో సమానం. సంచి మీద పీహెచ్ అంకె, ఎరువు కలిపారా లేదా అన్న వివరం చూడకుండా కొనడం సరికాదు. పూర్తిగా ఎండిన పీట్ నీటిని తోసేస్తుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిసికి, ఆ తర్వాతే కుండీలో నింపాలి.

పీట్ మీద పర్యావరణ అభ్యంతరం గట్టిదే. పీట్ నేలలు ప్రపంచ భూభాగంలో 3 శాతమే అయినా, అడవుల్లోని చెట్టుచేమలన్నిటిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు కార్బన్‌ను దాచి ఉంచాయి. పీట్ ఏడాదికి మిల్లీమీటరు మేరే పేరుకుంటుంది. బ్రిటన్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ఇంటి తోటల కోసం పీట్ సంచుల అమ్మకాన్ని ఇంగ్లండ్‌లో 2024 నాటికి నిషేధిస్తామని ప్రకటించింది. ఆ గడువులోగా చట్టం రాలేదు. అయినా ప్రత్యామ్నాయాల వెతుకులాట అక్కడ వేగం పుంజుకుంది. సన్‌డ్యూ కుండీ చిన్నది, దానికి పట్టే పీట్ కొద్దిదే. కానీ ఆ మొక్క సహజంగా పుట్టిపెరిగే నేలలనే తవ్వి దాన్ని పెంచడంలోని వైరుధ్యాన్ని సాగుదారులు తేలిగ్గా తీసుకోకూడదు.

ఆర్కిడ్‌ల కోసం అమ్మే పొడవాటి పీచు ఎండు స్ఫాగ్నమ్ మరో దారి. కోసిన తర్వాత మళ్లీ పెరిగే నాచు కనుక, జాగ్రత్తగా కోస్తే నష్టం తక్కువ. ఖరీదు మాత్రం ఎక్కువ. ఆర్కిడ్ నాచు పేరుతో కొండ ప్రాంతాల నుంచి వచ్చే పచ్చనాచు అంతా స్ఫాగ్నమ్ కాదు. చెట్ల మానుల మీది నాచుకు ఆ నీటి నిల్వ, ఆ ఆమ్ల గుణం ఉండవు.

కోకోపీట్ దగ్గర ఎందుకు అభిప్రాయాలు చీలాయి

కోనసీమ, పొల్లాచ్చి, కేరళ తీరం నుంచి పుష్కలంగా వచ్చే కోకోపీట్ ఉండగా విదేశీ పీట్ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. నీటి నిల్వలో కోకోపీట్ పీట్‌కు దగ్గరగా వస్తుంది. ఎండినా మళ్లీ సులువుగా తడుస్తుంది. లిగ్నిన్ ఎక్కువ కావడంతో నిదానంగా కుళ్లుతుంది. ఇన్ని సుగుణాలున్నా దాని మీద సన్‌డ్యూ సాగుదారుల అనుభవాలు పూర్తిగా రెండుగా చీలి ఉంటాయి.

ఆ తేడాకు మూలం దాని పుట్టుకలో ఉంది. తీరప్రాంతపు కొబ్బరి డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడ్ సహజంగానే ఎక్కువ. డొక్కలను ఉప్పునీటి కాలువల్లో నానబెట్టిన చోట సోడియం ఇంకా పెరుగుతుంది. ఈ లవణాల్లో కొంత భాగం నీటిలో స్వేచ్ఛగా ఉంటుంది, కడిగితే పోతుంది. మిగతాది పీచు రేణువుల ఉపరితలానికి విద్యుదావేశంతో అతుక్కుని ఉంటుంది. అది వట్టి నీటికి లొంగదు. తర్వాత ఎప్పుడో నీటిలో కాల్షియం వచ్చినప్పుడు చోటు ఖాళీ చేసి వేళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. మొదటి రెండు నెలలు బాగున్న మొక్క తర్వాత హఠాత్తుగా దెబ్బతినడానికి ఇది కారణం కావచ్చు.

దీనికి పరిశ్రమ కనిపెట్టిన ఉపాయం బఫరింగ్. కోకోపీట్‌ను కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, సోడియం, పొటాషియంలను బయటికి నెట్టి, ఆపై కడుగుతారు. టమాటా, క్యాప్సికమ్ పాలీహౌస్‌లకు ఇది ఎంతో మేలు. సన్‌డ్యూకు మాత్రం నైట్రేట్ ఒక్క చుక్క మిగిలినా ఎరువే. కాబట్టి బఫర్డ్ అని ముద్ర ఉన్న ఇటుకను కూడా శుద్ధమైన నీటిలో పలుమార్లు నానబెట్టి, పిండి, ఆ పిండిన నీటిని టీడీఎస్ మీటరుతో కొలవాలి. 50 లోపుకు దిగేదాకా ఆ పని ఆపకూడదు. తక్కువ ఈసీ (విద్యుత్ వాహకత, అంటే లవణాల సూచిక) అని రాసినవి కొంటే శ్రమ సగం తగ్గుతుంది.

కడిగిన కోకోపీట్‌కు మరో పరిమితి ఉంది. దాని పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. పీట్ లాగా నీటిని ఆమ్లంగా మార్చలేదు, కాల్షియాన్ని అంతగా సర్దుకోలేదు. వాన నీరు మాత్రమే పోసే కుండీలో ఇది పెద్ద సమస్య కాదు. ఆర్వో నీరు కాస్త అటూ ఇటూ ఉండే ఇంట్లో అదే సమస్య అవుతుంది. అన్నీ బేరీజు వేస్తే డ్రోసెరా కేపెన్సిస్, డ్రోసెరా బర్మనై లాంటి గట్టి జాతులకు బాగా కడిగిన కోకోపీట్ సరైన తొలి ఎంపికే. అరుదైన జాతులకు, ఖరీదైన విత్తనాలకు మాత్రం దాన్ని నమ్ముకోవడం సాహసం.

ఇసుక, పెర్లైట్

ఇవి కేవలం గాలికి, నీటి ఇంకుడుకు. పెర్లైట్ అగ్నిపర్వతపు గాజు రాయిని అధిక వేడితో పేలాల్లా ఉబ్బించి చేసింది, రసాయనికంగా దాదాపు నిష్క్రియం. దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి వాడాలి. వర్మిక్యులైట్ పొటాషియం, మెగ్నీషియం వదులుతుంది కనుక దానికి బదులు కాదు.

ఇసుకలో ఎంపిక జాగ్రత్తగా చేయాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల సున్నం రెండూ ఉంటాయి. ఎం-శాండ్‌లో రాతి పొడి ఎక్కువ. ఏటి ఇసుకలో ఒండ్రు, అభ్రకం కలిసి ఉంటాయి, బాగా కడిగితే కొంతవరకు పనికొస్తుంది. అన్నిటికన్నా నమ్మదగింది ఒకటి రెండు మిల్లీమీటర్ల సిలికా ఇసుక, నీటి ఫిల్టర్లలో వాడేది. గాజు పరిశ్రమకు వెళ్లే సిలికా ఇసుక నిక్షేపాలు గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట మండలాల్లో ఉన్నాయి. ఏ ఇసుక మీదైనా నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూస్తే బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు, వదిలేయడమే మేలు.

జాతి మారితే మిశ్రమమూ మారుతుంది

కొత్తవారికి ఎక్కువగా చేరేది దక్షిణాఫ్రికా కేప్‌కు చెందిన డ్రోసెరా కేపెన్సిస్. పీట్ రెండు పాళ్లు, ఇసుక లేదా పెర్లైట్ ఒక పాలు దానికి చాలు. సగం సగం కలిపినా అభ్యంతరం చెప్పదు. ఆకులన్నీ పోయినా వేళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి కుండీని తొందరపడి పారేయకూడదు.

మన ప్రాంతపు డ్రోసెరా బర్మనై, డ్రోసెరా ఇండికా వానాకాలపు ఏకవార్షికాలు. తడి ఉన్నంత కాలం పెరిగి, పూసి, విత్తనాలు రాల్చి చనిపోతాయి. ఆ సహజ మరణాన్ని మట్టి తప్పుగా భావించి మిశ్రమం మార్చేవారు చాలామంది. వీటికి ఇసుక పాలు ఎక్కువగా, సగం వరకు, ఉండవచ్చు. ఇండికా వేళ్లు కదిలిస్తే తట్టుకోవడం కష్టం, అందుకని ఉండబోయే కుండీలోనే విత్తాలి. నీలగిరుల లాంటి ఎత్తైన కొండల్లో పెరిగే డ్రోసెరా పెల్టాటా నేలలో దుంప దాచుకుని ఎండాకాలం నిద్రపోతుంది. దాని కుండీ లోతుగా, ఇసుక ఎక్కువగా ఉండాలి. దుంప నిద్రలో ఉండగా పళ్లెంలో నీరు పెడితే కుళ్లుతుంది.

ఉత్తర ఆస్ట్రేలియాలోని పెటియోలారిస్ సమూహం, అంటే పారడాక్సా, ఆర్డెన్సిస్ వంటివి, సవన్నాల వేడికి పుట్టినవి. ఇసుక రెండు పాళ్లు, పీట్ ఒక పాలు వీటికి నప్పుతాయి. ముప్పై డిగ్రీలు దాటిన వేడిలోనే చురుగ్గా ఉండే ఈ జాతులు కోస్తా, తెలంగాణ వాతావరణానికి కేపెన్సిస్ కన్నా సహజంగా సరిపోతాయి. మార్కెట్లో అంతగా దొరకకపోవడం వేరే సంగతి. క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల అడెలే, ప్రొలిఫెరా, స్కిజాండ్రా నీడ, తేమ కోరుకుంటాయి. స్ఫాగ్నమ్ నాచులో, ఇంటి లోపల లైట్ల కింద తప్ప ఇక్కడ వాటికి దారి లేదు. ఐరోపా రొటుండిఫోలియా లాంటి చలి జాతులకు శీతాకాలపు నిద్ర అవసరం. ఎంత శుద్ధమైన పీట్ వేసినా హైదరాబాద్ చలి ఆ అవసరం తీర్చదు.

వేసవి, కుండీ లోతు

ఒకే మిశ్రమం రెండు కుండీల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఏ కుండీలోనైనా అడుగున కొంత ఎత్తు వరకు నీరు పూర్తిగా నిండి ఉంటుంది. ఆ ఎత్తు రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ లోతును బట్టి కాదు. కాబట్టి పొట్టి కుండీలో వేళ్లన్నీ బురదలో ఉంటే, లోతైన కుండీలో అదే మిశ్రమం పైభాగంలో గాలి ఆడుతుంది. వేసవిలో ఇది మరింత ముఖ్యం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 42 డిగ్రీల మధ్యాహ్నం నల్ల ప్లాస్టిక్ కుండీలో నిలిచిన నీటిలో వేళ్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. చల్లని దేశాల్లో చెప్పే మిశ్రమాల్లో పీట్ పాలు ఎక్కువగా ఉండటం అక్కడ నప్పుతుంది. ఇక్కడ ఇసుక లేదా పెర్లైట్ పాలు పెంచడం, 12 సెంటీమీటర్లకు తగ్గని లోతు, లేతరంగు కుండీ, మధ్యాహ్నం షేడ్ నెట్ కలిస్తేనే మిశ్రమం తన పని చేయగలదు. మట్టి కుండీలు చల్లగా ఉంటాయన్నది నిజమే. కానీ వాటి గోడల గుండా నీరు ఆవిరై లవణాలు అక్కడే తెల్లటి పొరగా పేరుకుంటాయి. ప్లాస్టిక్, గ్లేజు వేసిన పింగాణీ మేలు.

వేడిలో పీట్ త్వరగా కుళ్లి మెత్తబడుతుంది. ఏడాదికి, మహా అయితే రెండేళ్లకు ఒకసారి వానలు మొదలయ్యే వేళ మార్చడం మంచిది.

నాటే ముందు ఒక కొలత

కలిపిన మిశ్రమం సురక్షితమో కాదో తేల్చడానికి ఏ నిష్పత్తి కన్నా టీడీఎస్ మీటరు నమ్మదగింది. కుండీ నింపి, డిస్టిల్డ్ వాటర్ నిండుగా పోసి, అరగంట ఆగి, మళ్లీ కొంచెం పోస్తే అడుగు రంధ్రాల నుంచి నీరు కారుతుంది. ఆ నీటిని కొలవాలి. 50 లోపుంటే నాటవచ్చు. 50, 100 మధ్య ఉంటే ఇంకో రెండు మూడుసార్లు కడిగి మళ్లీ కొలవాలి. ఎన్నిసార్లు కడిగినా 100 పైనే నిలిస్తే లోపల సున్నమో ఎరువో కలిసిందని అర్థం. ఆ మిశ్రమాన్ని గులాబీ కుండీకి వాడుకోవచ్చు. నాటిన తర్వాత కూడా మూడు నెలలకోసారి ఇదే పరీక్ష చేసి, అంకె పెరుగుతుంటే పై నుంచి వాన నీరు ధారాళంగా పోసి కుండీని కడగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండీని పళ్లెంలోంచి తీసి వానలో ఉంచితే ఆ పని వానే చేస్తుంది.